బల్ల బరువు గోడకా, నేలకా?

చెక్కపని మీద పాఠకుల ప్రశ్నలకు 38 ఏళ్ళుగా ఉలీ సుత్తీ పట్టిన మేస్త్రి జవాబులు

ప్రశ్న: మేస్త్రిగారూ, నమస్కారం. మాది హైదరాబాదు నిజాంపేటలో ఫ్లాటు. హాల్లో బాల్కనీ తలుపు పక్కన రెండు పిల్లర్లు ముందుకు పొడుచుకొచ్చి, వాటి మధ్య కొంత జాగా లోపలికి మిగిలిపోయింది. వెడల్పు 5 అడుగుల 2 అంగుళాలు, లోతు 19 అంగుళాలు. అందులో చెక్క బల్ల బిగించుకుని కూర్చోవడానికి వాడుకుందామని మా కోరిక. వడ్రంగి వచ్చి చూసి, కాళ్ళేమీ అక్కర్లేదు, వెనక గోడకి మూడు ఎల్ యాంగిల్స్ (ఎల్ ఆకారపు ఇనుప ఆధారాలు) కొట్టి పైన ప్లైవుడ్ పరిస్తే గాల్లో తేలినట్టు అందంగా ఉంటుందన్నాడు. నాకేమో భయం. పోయిన సంక్రాంతికి అదే గోడకి కొట్టించిన పుస్తకాల అర మూడు నెలలకే ఊడి పడింది. స్క్రూలతో పాటు, అవి పట్టుకోవడానికి బెజ్జంలో దోపిన ప్లాస్టిక్ గిట్టీలు కూడా వచ్చేశాయి, గుప్పెడు తెల్లపొడి రాలింది. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. మావగారు 90 కిలోల మనిషి. పిల్లలిద్దరూ కుదురుగా కూర్చునే రకం కాదు. ఈ బల్ల ఆగుతుందా? ఏ చెక్క వాడమంటారు? కింద సొరుగులు పెట్టించుకోవచ్చా?
- ఒక గృహిణి, నిజాంపేట

జవాబు: అమ్మా, మీ ప్రశ్నకి జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. ఆ గుప్పెడు తెల్లపొడే జవాబు.

గోడకి డ్రిల్లు పెట్టగానే రాలే పొడిని నేను అరచేతిలో పట్టుకుని చూస్తాను. ఎర్రగా ఉంటే మట్టి ఇటుక, గిట్టీ బాగానే పట్టుకుంటుంది. బూడిద రంగులో మెత్తగా ఉండి, డ్రిల్లు కీచుమంటూ లోపలికి దిగనని మొరాయిస్తే కాంక్రీటు. తెల్లగా, ముగ్గుపిండిలా జారిపోతూ, డ్రిల్లు వెన్నలో దిగినట్టు దిగిపోతే అది లైట్ వెయిట్ బ్లాకు. ఏఏసీ బ్లాకు అంటారు. అందులో సగానికి పైగా గాలి బుడగలే. అనుమానంగా ఉంటే గోడ కొట్టినప్పుడు మిగిలిన ముక్క ఒకటి బకెట్లో వెయ్యండి, తేలుతుంది. నీళ్ళ మీద తేలే గోడకి మీ మావగారిని వేలాడదీస్తానంటున్నాడు మీ వడ్రంగి!

అతన్ని తప్పు పట్టడానికి నాకు నోరు లేదు. 2011లో మియాపూరు వైపు ఒక కొత్త ఫ్లాటులో నేనూ పప్పులో కాలేశాను. రాజమండ్రిలో నాకు తెలిసిన గోడలన్నీ ఎర్ర ఇటుకవే. ఆ అలవాటుతోనే రెండంగుళాల గిట్టీలు వేసి, గోడకి చెక్క పట్టీ కొట్టి, బల్ల బిగించి డబ్బులు తీసుకుని వచ్చేశాను. గృహప్రవేశం రోజు ముగ్గురు పెద్దావిడలు తాంబూలం పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని వరసగా కూర్చున్నారట. వెనక పట్టీ ఊడి బల్ల ఒక పక్కకి ఒరిగింది, ముగ్గురూ జారుడుబల్ల మీద జారినట్టు నేల మీదికి వచ్చారు. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఒకావిడ గాజులు మాత్రం చిట్లాయి. వాళ్ళు నవ్వుకున్నారట, నాకు మాత్రం నవ్వు రాలేదు. మర్నాడు వెళ్ళి గోడ చూస్తే గిట్టీ ఉన్న చోట రూపాయి బిళ్ళంత గుంట, దాని నిండా తెల్లపొడి. కూలి తీసుకోకుండా మళ్ళీ కట్టిచ్చాను.

ఆ రోజు నుంచీ ఒకటే నియమం పెట్టుకున్నాను. కూర్చునే బల్ల ఏదైనా బరువు నేలకి దిగాలి. బల్ల అటూ ఇటూ కదలకుండా పట్టుకోవడం వరకే గోడ పని.

యాంగిల్ సంగతి చెబుతాను, కాగితం మీద లెక్క వేసుకోండి. మనిషి కూర్చునేది బల్ల ముందంచు దగ్గర, అంటే గోడకి దాదాపు 15 అంగుళాల దూరంలో. యాంగిల్ గోడకి ఆనే నిలువు కాలు 8 అంగుళాలు అనుకోండి. 80 కిలోల మనిషి అక్కడ కూర్చుంటే పై స్క్రూని గోడలోంచి బయటికి లాగే బలం 80 ఇంటూ 15 బై 8, అంటే 150 కిలోలు. మూడు యాంగిల్స్ పంచుకుంటాయి కదా అంటారేమో. ఆ మనిషి సరిగ్గా ఒక యాంగిల్ పైనే కూర్చుంటే? పిల్లాడు సోఫా మీంచి దూకితే? పీకే బలానికి లైట్ వెయిట్ బ్లాకు అసలు ఆగదు.

మీ అదృష్టం ఏమిటంటే వెనక గోడ మెత్తనైనా, అటూ ఇటూ ఉన్నవి పిల్లర్లు. అవి గట్టి కాంక్రీటు. కాబట్టి బల్ల రెండు కొసల్నీ పిల్లర్ల మీద ఆనించి, నడుమకి నేల మీంచి కాళ్ళు ఇవ్వాలి. వెనక గోడ మీద పెద్ద భారం పెట్టకూడదు. ఇదీ మీ బల్ల.

ముందు ఎత్తు తేల్చుకోండి. అందరూ 18 అంగుళాలు అంటారు. మీరు మాత్రం అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే, మోకాలి వెనక మడత నుంచి నేల దాకా కొలవండి. దానికో అంగుళం కలపండి. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకి కూర్చోవడం కన్నా లేవడమే కష్టం, బల్ల కాస్త ఎత్తుగా ఉంటే సులువుగా లేస్తారు. అది 18 అంగుళాలు వచ్చిందనుకుందాం. రెండంగుళాల పరుపు మనిషి కూర్చుంటే ఒకటిన్నరకి అణుగుతుంది, ప్లైవుడ్ ముప్పావు అంగుళం. ఈ రెండూ పోగా గోడ పట్టీల పైఅంచు నేలకి పదిహేనుంముప్పావు అంగుళాల ఎత్తులో రావాలి. ఆ గీత మూడు గోడలకీ ఒకే మట్టంలో గీయించండి. రసమట్టం (స్పిరిట్ లెవెల్) సరిపోతుంది. టైల్స్ నుంచి టేపు పెట్టి కొలుచుకుంటూ పోతే మాత్రం కుదరదు. బాల్కనీ పక్కన నేలని వాటంగా వేసి ఉంటారు, ఆ వాటం బల్లకీ వస్తుంది.

ఇక కొలత. జాగా 5 అడుగుల 2 అంగుళాలని రాశారు. ఎక్కడ కొలిచారు? ముందా, వెనకా? రెండు చోట్లా ఒకే కొలత వచ్చే ఇల్లు నేను ఇంతవరకూ చూడలేదు. పిల్లర్ల మీద ప్లాస్టరింగు ఒక చోట అరంగుళం, ఇంకో చోట అంగుళం ఉంటుంది. టేపు లోపలి మూలలో వంగిపోతుంది, దాని మాట నమ్మొద్దు. మా నాన్న నేర్పిన పద్ధతి ఒకటుంది. మూడున్నర అడుగుల రీపరు ముక్కలు రెండు తీసుకుని, ఒకదాని మీద ఒకటి పెట్టి, రెండు కొసలూ రెండు గోడల్ని తాకేదాకా జరపాలి. తాకగానే రెండు కర్రలూ కలిసిన చోట అడ్డంగా ఒకే పెన్సిలు గీత గీయాలి. వెనక ఒక గీత, మధ్యలో ఒకటి, ముందొకటి. వాటి పక్కన 1, 2, 3 అని అంకెలు వేసుకోండి, లేకపోతే కోసేటప్పుడు తికమక పడతారు. కర్రల్ని తీసుకెళ్ళి ప్లైవుడ్ మీద మళ్ళీ ఆ గీతల దగ్గర కలిపితే అంగుళాల లెక్కతో పని లేకుండా అసలు పొడుగు దిగుతుంది. అందులోంచి రెండు పక్కలా 3 మిల్లీమీటర్ల చొప్పున తగ్గించి కోయండి. మూలమట్టం పెట్టి నాలుగు మూలలూ సరిగ్గా తొంభై డిగ్రీలు వచ్చేలా కోసిన బల్ల ఆ జాగాలో ఎప్పటికీ కూర్చోదు.

బిగింపు. పిల్లర్ల మీద ఒక్కో పక్క 16 అంగుళాల పట్టీ, 3 అంగుళాల ఎత్తు, అంగుళం మందం. ఒక్కోదానికి మూడు స్క్రూలు. స్క్రూ పొడుగు ఎంత అంటే, పట్టీ అంగుళం, ప్లాస్టరింగు అరంగుళం, కాంక్రీటులోకి రెండంగుళాలు, మొత్తం మూడున్నర. చాలామంది ప్లాస్టరింగుని గోడలో కలిపి లెక్కేస్తారు, అది పైపూత మాత్రమే. పిల్లరు అంచుకి నాలుగంగుళాల లోపల బెజ్జం వేయొద్దు, మూల పగులుతుంది. పిల్లరులో ఇనుము మామూలుగా కాంక్రీటు పైనుంచి 40 మిల్లీమీటర్ల లోతులో ఉంటుంది. డ్రిల్లు హఠాత్తుగా ఆగి శబ్దం మారితే ఇనుము తగిలినట్టే. దాన్ని కోసుకుంటూ పోవద్దు, అంగుళం పక్కకి జరిపి కొత్త బెజ్జం వేయమనండి. అంతకన్నా ముందు స్విచ్‌బోర్డు ఎక్కడుందో చూసుకోండి. దాని నుంచి నిటారుగా పైకీ కిందకీ గోడలో వైర్ల పైపు వెళుతుందని అనుకుని ఆ వరస వదిలేయాలి.

వెనక పట్టీకి 10 మిల్లీమీటర్ల, నాలుగంగుళాల పొడుగు నైలాన్ గిట్టీలు వేయించండి. డ్రిల్లుకి హ్యామర్ మీట ఆపేసి, ఊరికే తిప్పుతూ దింపాలి. హ్యామర్ పెడితే బెజ్జం లోపల డొల్లవుతుంది. ఇక బల్ల నడుమ ఒక కాళ్ళ ఫ్రేము పెట్టాలి. వెనక కాలు వెనక పట్టీ కిందికి, ముందు కాలు ముందు పట్టె (బల్ల ముందంచు కింద అడ్డంగా వచ్చే కర్ర) కిందికి, రెంటినీ కలుపుతూ అడ్డకర్ర ఒకటి. ముందు పట్టె 3 అంగుళాలు, ఒకటిన్నర అంగుళాలు. దాన్ని పడుకోబెట్టకండి, అంచు మీద నిలబెట్టాలి. ఒకే కర్ర, పడుకోబెడితే వంగుతుంది, నిలబెడితే నాలుగు రెట్లు గట్టి. దాని కొసలు పక్క పట్టీల మీద కూర్చునేలా చిన్న గంటు పెట్టించండి, స్క్రూకి వేలాడకూడదు. కాళ్ళు గోడకి ఆనే చోట స్కర్టింగ్ టైలు ముందుకొచ్చి ఉంటుంది, దాని మేరకి కాలిని చెక్కాలి. కాలి అడుగున కోత కనబడే చోట వార్నిష్ రెండు పూతలు వేసి, కింద రబ్బరు బిళ్ళ పెట్టండి. రోజూ తడిగుడ్డ పెట్టే ఇంట్లో కర్ర నీళ్ళు తాగేది అక్కడి నుంచే.

చెక్క విషయానికొస్తే, పట్టీలకీ కాళ్ళకీ టేకు. మీ ఊళ్ళో పాత పెంకుటిల్లు విప్పుతుంటే ఆ దూలాల్లోంచి ఒక ముక్క తెచ్చుకోండి, యాభై అరవై ఏళ్ళు ఆరిన కర్ర మళ్ళీ వంగదు. కోయించే ముందు మేకులు వెతికించండి, ఒక్క పాత మేకుతో రంపం బ్లేడు పోతుంది. పైకి 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్, షీటు మీద ఐఎస్ 710 ముద్ర ఉన్నది, అంటే నీళ్ళకి ఆగే మెరైన్ రకం. బాల్కనీ పక్కనే కాబట్టి వాన జల్లు పడుతుందని అంటున్నాను. ముందంచుకి టేకు బీడింగు వేస్తే ప్లైవుడ్ పొరలు కనబడవు. మొత్తం టేకు పలకే కావాలంటే అడుగుల లెక్క ఇది: పొడుగు అడుగుల్లో, వెడల్పూ మందమూ అంగుళాల్లో, మూడూ గుణించి 144తో భాగించాలి. 5 అడుగులు, 18 అంగుళాలు, 1 అంగుళం అయితే 0.625 ఘనపుటడుగు. టింబర్ డిపోలో ఎవరైనా ఒకటిన్నర అడుగంటే ఈ లెక్క చెప్పండి. కాకపోతే 18 అంగుళాల వెడల్పు టేకు వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం తగ్గుతుంది. ముందు వెనకలా దానికి చోటు వదలాలి, గోడకి బంక పెట్టి అంటించకూడదు. నన్నడిగితే ప్లైవుడ్డే మేలు.

పై బల్లని ఒకే ముక్కగా కాకుండా రెండు ముక్కలు చేసి, నడుమ ఫ్రేము మీద కలపండి. దింపడం తేలిక, రేపు కింద బొద్దింకలు చేరితే ఒక ముక్క లేపి చూసుకోవచ్చు.

సొరుగులు పెట్టించుకోవచ్చు, కానీ నేల దాకా ముందుకి మూసేయొద్దు. మీ అత్తగారు లేచేటప్పుడు ఒకసారి గమనించండి. ముందు రెండు మడమలూ కుర్చీ కిందికి లాక్కుని, ఆ తర్వాత శరీరం ముందుకి వంచి లేస్తారు. సొరుగు తలుపు బల్ల అంచుకి సమంగా ఉంటే మడమకి చోటుండదు, ఆవిడ లేవలేరు. సొరుగుల్ని నాలుగంగుళాలు లోపలికి పెట్టించండి. మూత లేచే పెట్టె మాత్రం నాకు నచ్చదు. దుప్పటి కావాలన్న ప్రతిసారీ పరుపు తీయాలి, మనుషుల్ని లేపాలి. మడత బందుల మూత కింద పిల్లల వేళ్ళు పడతాయి.

పని అయ్యాక పరుపు వేయకముందే మీ వడ్రంగినే ముందంచు మీద కూర్చుని రెండుసార్లు ఎగిరి కూలబడమనండి. కిర్రుమంటే ఎక్కడో స్క్రూ సగం దిగి ఆగింది. నెల తర్వాత ఇంకోసారి అన్నీ బిగించమనండి, కొత్త కర్ర ఆరి కొంచెం వదులవుతుంది.

ప్రశ్న: అయ్యా, మాది అమలాపురం. మా తాతగారు కట్టించిన సున్నపు గోడల ఇల్లు. వీధి కిటికీ దగ్గర గోడ మందంలోనే లోపలికి కూర్చునేంత జాగా ఉంది. పదేళ్ళ కిందట వేయించిన మామిడి చెక్క బల్ల వెనకంచు నల్లబడి పొడి రాలుతోంది. ఈసారి టేకు వేయిస్తే ఉంటుందా?
- ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, నల్లబడింది చెమ్మ వల్ల, పొడి పురుగు వల్ల. గోదావరి లంకల పక్క గోడ, అందులోనూ వీధి వైపు, వానాకాలం అంతా నీళ్ళు పీలుస్తూనే ఉంటుంది. టేకు ఇంకో పదేళ్ళు ఎక్కువ ఆగుతుంది, అంతే. వడ్రంగినై ఉండి ఈ మాట అనకూడదు గానీ, ఆ జాగాలో కర్ర వద్దు. రెండంగుళాల కడప బండ వేయించండి, రెండు పక్కలా గోడలో మూడేసి అంగుళాలు దూర్చి తాపీమేస్త్రి చేత కట్టించండి. దానికి గిట్టీ అక్కర్లేదు, చెద పట్టదు. చలికాలం పొద్దున్నే ఒంటికి చల్లగా తగులుతుందంటే, మూడంగుళాల వెడల్పు టేకు బద్దలు అరంగుళం సందులతో రెండు అడ్డపట్టీల మీద కూర్చి, పీటలా పైన పెట్టుకోండి. గోడకి అంగుళం ఎడంగా ఉండాలి, దేనికీ బిగించొద్దు. ఏటా పండక్కి తీసి ఎండలో వేసి మళ్ళీ పెట్టుకోవచ్చు. సున్నపు గోడకి ఎప్పుడైనా మేకు కొట్టాల్సి వస్తే ఇటుక మీదే కొట్టండి. సందులోని సున్నం ఇసుకలా రాలుతుంది.

ప్రశ్న: మేస్త్రిగారూ, మేము డాలస్ దగ్గర ఉంటాం. కిచెన్ పక్కన మూలలో బెంచీ నేనే కట్టుకుందామనుకుంటున్నాను. ఇక్కడి గోడలు తడితే డొల్లగా మోగుతాయి. మీరు చెప్పే గిట్టీలు పనికొస్తాయా?
- ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, టెక్సస్

జవాబు: పనికిరావు బాబూ. మా అమ్మాయి ఇల్లు మీ వైపే. 2019లో వెళ్ళినప్పుడు అల్లుడితో కలిసి అలాంటి బల్లే కట్టాను. అక్కడి గోడ పైన అరంగుళం జిప్సం బోర్డు, లోపల నిలువు కర్రలు. వాళ్ళు స్టడ్స్ అంటారు. మామూలుగా ఒకదాని నడుమ నుంచి ఇంకోదాని నడుమకి 16 అంగుళాలు, మందం ఒకటిన్నర అంగుళాలే. బోర్డులో ఏం కొట్టినా దండగ, కర్రలోనే దిగాలి. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతాన్ని గోడ మీద మెల్లిగా జరిపితే, బోర్డుని కర్రకి బిగించిన స్క్రూ దగ్గర అతుక్కుంటుంది, ఆ నిలువు వరసలోనే కర్ర ఉంది. ప్రతి కర్రలోకీ మూడంగుళాల స్క్రూలు రెండు చొప్పున వేస్తే వెనక పట్టీ కదలదు. ఆ దేశంలో గోడే కర్ర కాబట్టి నా పాత నియమం కొంత సడలించాను, అయినా ముందు వైపు కాళ్ళు మానలేదు. ఒక జాగ్రత్త: నేలలో వేడిగాలి వచ్చే జాలీ ఉంటే దాని మీద పెట్టె కట్టొద్దు. మా అల్లుడు కట్టేశాడు, చలికాలం వచ్చాక ఆ గది ఎందుకు వేడెక్కడం లేదని నాకు ఫోను.

ప్రశ్న: గుంటూరులో అద్దె ఇల్లు. ఓనరు గోడకి మేకు కూడా కొట్టనివ్వడు. సందులో బల్ల ఎలా?
- ఒక విద్యార్థిని

జవాబు: తల్లీ, నాలుగు కాళ్ళ మామూలు బెంచీ చేయించు, సందు కన్నా అరంగుళం తక్కువ పొడుగుతో. రెండు పక్కలా మిగిలే పావంగుళాల్లో పాత కంబళి ముక్కలు దోపు, కదలదు. ఇల్లు మారేటప్పుడు కొత్త సందు ఇంకా చిన్నదైతే కష్టం కాబట్టి నాలుగడుగులకి మించి చేయించకు.

వచ్చే నెలకి రాసేవాళ్ళు గోడలో బెజ్జం వేసినప్పుడు పొడి ఏ రంగులో వచ్చిందో కూడా రాయండి.